హత్య ముందు, కారణం చివర: ‘సర్దార్ ఉధమ్’ కథనంపై ఒక కేస్ స్టడీ

హంతకుడి జీవితం మీద సినిమా తీయాలనుకునేవాళ్లు కథాచర్చకు కూర్చోగానే మొదట వెతికేది కారణాన్ని. చిన్నతనంలో ఒక ఘోరం జరగాలి, పిల్లవాడి కళ్లలో నీళ్లు ఇంకిపోవాలి, ఆ కళ్ల మీద నుంచి పెద్దవాడి కళ్ల మీదికి కట్ కావాలి, పతాక సన్నివేశంలో తుపాకి పేలాలి. స్క్రిప్టు సలహాదారుగా నా ముందుకు వచ్చే చారిత్రక కథల్లో ఎక్కువ భాగం ఈ వరుసలోనే ఉంటాయి. దీనితో ఒకటే చిక్కు. తుపాకి పేలేసరికి ప్రేక్షకుడు తీర్పు ఇచ్చేసి ఉంటాడు. చంపవచ్చా, కూడదా అన్న ప్రశ్న అతని దగ్గర మిగలదు. ఎప్పుడు చంపుతాడా అని ఎదురుచూడటమే మిగులుతుంది.

షూజిత్ సర్కార్ దర్శకత్వంలో 2021 అక్టోబరులో ప్రైమ్ వీడియోలో విడుదలైన హిందీ సినిమా ‘సర్దార్ ఉధమ్’ ఈ వరుసను తిరగేసింది. శుభేందు భట్టాచార్య, రితేష్ షా రాసిన ఈ కథనంలో హత్య ముందే జరిగిపోతుంది. కారణం చివరి భాగానికి గానీ తెర మీదికి రాదు. ఆ ఒక్క నిర్ణయం ఏం సాధించింది, ఎక్కడ ఇబ్బంది పెట్టింది అన్నదే ఈ కేసు. విక్కీ కౌశల్ నటన గురించి, అవీక్ ముఖోపాధ్యాయ్ ఛాయాగ్రహణం గురించి చాలామంది రాశారు, జాతీయ పురస్కారాలు కూడా వచ్చాయి. వాటి జోలికి పెద్దగా పోను.

రచయితల ముందున్న సరుకు

ఉధమ్ సింగ్ 1899 డిసెంబరు 26న పంజాబ్‌లోని సునామ్‌లో పుట్టాడు. పుట్టినప్పటి పేరు షేర్ సింగ్. తల్లిదండ్రులు చిన్నప్పుడే పోతే అన్నతో పాటు అమృత్‌సర్‌లోని సెంట్రల్ ఖాల్సా అనాథాశ్రమంలో పెరిగాడు. 1917లో ఆ అన్న కూడా పోయాడు. 1919 ఏప్రిల్ 13న, బైశాఖి రోజున, జలియన్‌వాలా బాగ్‌లో గుమిగూడిన జనం మీద బ్రిగేడియర్ జనరల్ రెజినాల్డ్ డయ్యర్ ఏ హెచ్చరికా లేకుండా కాల్పులు జరిపించాడు. సుమారు 10 నిమిషాలు, 1,650 తూటాలు. ప్రభుత్వం ఒప్పుకున్న మరణాలు 379. కాంగ్రెస్ విచారణ వెయ్యికి పైగా అంది. అప్పుడు పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఉన్న మైఖేల్ ఓడ్వయర్ ఆ చర్యను ఆమోదించాడు, ఆ తర్వాత కూడా దాన్ని సమర్థిస్తూనే వచ్చాడు.

ఉధమ్ అమెరికా వెళ్లి, బ్రిటిష్ పాలన మీద పోరాడుతున్న ప్రవాస భారతీయులైన గదర్ ఉద్యమకారులతో కలిశాడు. 1927లో తిరిగొచ్చి అమృత్‌సర్‌లో ఆయుధాలతో పట్టుబడ్డాడు. అయిదేళ్ల శిక్ష పడితే 1931లో బయటికొచ్చాడు. ఆ తర్వాత యూరప్ మీదుగా లండన్ చేరాడు. 1940 మార్చి 13న కాక్స్‌టన్ హాల్‌లో ఓడ్వయర్‌ను కాల్చి చంపాడు. జూలై 31న పెంటన్‌విల్ జైలులో అతన్ని ఉరితీశారు.

వినడానికి తయారుగా ఉన్న సినిమా కథలాగే ఉంది. దగ్గరికి వెళితే అన్నీ గొంతుకు అడ్డం పడేవే. కాల్పులకు ఆజ్ఞ ఇచ్చినవాడు ఒకడు, హతుడు ఇంకొకడు. డయ్యర్ 1927లోనే జబ్బుచేసి పోయాడు. పేర్లు దాదాపు ఒకేలా ఉండటంతో ఇప్పటికీ చాలామంది ఉధమ్ చంపింది డయ్యర్‌నే అనుకుంటారు. ఆజ్ఞ ఇచ్చినవాడి మీద కోపం ఎవరికైనా అర్థమవుతుంది. గవర్నర్ బంగళాలో కూర్చుని దాన్ని సమర్థించినవాడి మీద 21 ఏళ్ల కోపం అర్థం కావాలంటే పాలన ఎలా నడుస్తుందో ప్రేక్షకుడికి చెప్పాలి. అది చెప్పడం మొదలుపెడితే సినిమా పాఠం అయిపోతుంది.

ఇక ఆ 21 ఏళ్లు. పగ అంతకాలం ఒకే వేడిలో ఉండదు. ఉధమ్ ఆ మధ్యకాలంలో చేసిన పనుల జాబితా చూస్తే తపస్సు చేసినవాడిలా ఉండదు. ఊళ్లు మారాడు, పేర్లు మార్చాడు, రకరకాల కూలి పనులు చేశాడు, బ్రిటిష్ సినిమాల్లో గుంపు సన్నివేశాల్లో కూడా కనిపించాడు. మనిషిని మనిషిలా చూపించాలనుకునే రచయితకు ఇది వరం. ఒకే గురి పెట్టుకున్న వీరుణ్ణి చూపించాలనుకునే నిర్మాతకు తలనొప్పి.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకొకటి. ఆ రోజు అతను బాగ్‌లో ఉన్నాడా? అనాథాశ్రమం తరఫున జనానికి మంచినీళ్లు అందిస్తున్నాడని జనశ్రుతి. దాన్ని నిలబెట్టే పత్రం లేదు, చరిత్రకారుల మధ్య ఏకాభిప్రాయమూ లేదు. అంటే కథకు మూలస్తంభం అనుకున్న సంఘటన దగ్గరే కథానాయకుడు ఉన్నాడో లేడో తెలియదు.

హతుడి శరీరం, పోలీసు కాగితం

కాక్స్‌టన్ హాల్ ఘటన గురించి మాత్రం కావలసినన్ని వివరాలు దొరుకుతాయి. ఈస్ట్ ఇండియా అసోసియేషన్, రాయల్ సెంట్రల్ ఏషియన్ సొసైటీ కలిసి పెట్టిన సభ అది. అఫ్గానిస్థాన్ మీద పెర్సీ సైక్స్ ప్రసంగం. సభ ముగిసి జనం లేస్తున్నప్పుడు ఉధమ్ ముందుకొచ్చి ఆరు గుళ్లు కాల్చాడు. ఓడ్వయర్ అక్కడికక్కడే పోయాడు. భారత వ్యవహారాల మంత్రి జెట్లాండ్, లామింగ్టన్, లూయీ డేన్ గాయాలతో బయటపడ్డారు. వాళ్లు బతకడానికి ఒక సాంకేతిక కారణం ఉంది. రివాల్వర్ ఒక కొలతది, అందులో వేసిన తూటాలు ఇంకో కొలతవి, పైగా పాతవి. వాటికి రావలసిన వేగం రాలేదు. తలుపు వైపు వెళ్లబోయిన ఉధమ్‌కు అడ్డంగా నిలబడింది బెర్తా హెర్రింగ్ అనే మహిళ.

సరిపడని తూటా వంటి వివరాన్ని నేను బంగారంలా దాచుకుంటాను. 21 ఏళ్ల పథకం అని మనం అనుకునేదాంట్లో తూటా కొలత కూడా సరిచూసుకోలేదంటే, అతను ఎలాంటి స్థితిలో ఆ హాల్లోకి నడిచాడో ఊహించవచ్చు. కిరాయి హంతకుడికి జరిగే పొరపాటు కాదిది. దొరికినదానితో పని కానిచ్చిన పేదవాడి సంగతి.

పోలీసులకు అతను ఇచ్చిన మాటలు ఇంకా విలువైనవి. పేరు అడిగితే మొహమ్మద్ సింగ్ ఆజాద్ అన్నాడు. ఓడ్వయర్ మీద తనకు కక్ష ఉందని, అతనికి తగినదే జరిగిందని ఒక దగ్గర అన్నాడు. ఎవరినీ చంపాలనుకోలేదని, నిరసన తెలపడానికే వచ్చానని మరో దగ్గర అన్నాడు. విచారణలో కూడా ఈ రెండో మాట మీదే నిలబడ్డాడు. కక్షా, నిరసనా? ఒక మనిషి నోటి నుంచే రెండూ వచ్చాయి. సినిమా మొత్తం ఈ రెండు మాటల మధ్య ఉన్న ఖాళీలోనే కట్టారని నా అంచనా. పాత్ర తన గురించి తాను రెండు రకాలుగా చెప్పుకున్నప్పుడు, బలహీనమైన స్క్రిప్టు ఏదో ఒకదాన్ని ఎంచుకుంటుంది. ఇక్కడ రెండింటినీ ఉంచారు. ఏది ఎప్పుడు వినిపించాలన్నదే వాళ్లు తేల్చుకున్నారు.

ముందే చంపేస్తే ఏం మిగులుతుంది

సినిమా 1931లో జైలు గేటు దగ్గర మొదలవుతుంది. ఉధమ్ నిఘా కళ్లుగప్పి మంచు దేశాల మీదుగా నడిచి, ఓడెక్కి లండన్ చేరతాడు. ఈ ప్రయాణంలో అతను ఎందుకు వెళుతున్నాడో ఎవరూ చెప్పరు. మన దేశంలో ఈ కథ తెలియనివాళ్లు తక్కువ కాబట్టి చెప్పనక్కరలేదనుకోవడం ఒక పద్ధతి. నేను దాన్ని ఇంకోలా చదువుతాను. కారణం తెలిసినా సరే, ఇంకా చూడలేదు గదా. తెలియడానికీ చూడటానికీ మధ్య ఎంత దూరముందో ఈ సినిమా చివరి భాగంలో లెక్క చెబుతుంది.

హత్య తర్వాత కథను మోసేది విచారణ గది. డిటెక్టివ్ స్వెయిన్ పాత్రకు అప్పగించిన పని చాలా స్పష్టం: అతను అడగాలి, ఉధమ్ చెప్పకూడదు. స్వెయిన్ మంచివాడా, చెడ్డవాడా అన్నది అనవసరం. అతనికి తెలియాలి, అంతే. ప్రేక్షకుడు ఉధమ్ పక్కన కూర్చోవలసిన చోట స్వెయిన్ కుర్చీలో కూర్చుంటాడు. భారతీయ ప్రేక్షకుణ్ణి బ్రిటిష్ పోలీసు అధికారి కుర్చీలో కూర్చోబెట్టడం సాహసమే. కానీ అక్కడి నుంచి మాత్రమే ఆ ప్రశ్న నిజాయితీగా అడగవచ్చు.

ఇలాంటి నిర్మాణం గురించి ఒక కథాచర్చలో చెబితే అసోసియేట్ దర్శకుడొకడు వెంటనే అడ్డుపడ్డాడు. “సార్, కారణం ముందు చెప్పకపోతే జనం హీరోతో ఎలా ఉంటారు?” అన్నాడు. “ఉండనక్కరలేదు, అతన్ని వదలకుండా చూస్తే చాలు” అన్నాను. అతను ఒప్పుకోలేదు. అతని భయం నిజమైనదే. ఈ సినిమా మధ్యభాగంలో చాలామంది బయటికి జారిపోతారు. మాటలు, చిత్రహింస, జ్ఞాపకం, మళ్లీ మాటలు అన్న వరుస అక్కడ ఒకసారి ఎక్కువే తిరుగుతుంది. ఇంట్లో సినిమా చూసేవాడి చేతిలో రిమోటు ఉంటుంది. థియేటర్‌లో ఇంటర్వెల్ అనే గోడ ఉండి ఉంటే ఎక్కడ పడేదో అని ఆలోచిస్తే, కూర్పులో ఎక్కడ బిగించాలో నాకు కనిపిస్తుంది: హత్యకు, భగత్ సింగ్ జ్ఞాపకాలు గట్టిపడే చోటుకు మధ్య.

ఇంట్లో చంపకపోవడం

ఈ స్క్రిప్టులో నేను అందరికీ చూపించే సన్నివేశాల వరుస ఓడ్వయర్ ఇంటిది. ఉధమ్ ఆ ఇంట్లో పనికి కుదురుతాడు. చరిత్రలో స్థిరపడిన విషయం కాదిది. సినిమాలో మాత్రం కీలకం. చంపవలసిన మనిషి చేతికందే దూరంలో ఉంటాడు. వృద్ధుడు, ఒంటరిగా దొరుకుతాడు, నమ్ముతాడు. పైగా జలియన్‌వాలా బాగ్ గురించి తనే మాట్లాడతాడు. అతనిలో పశ్చాత్తాపం లేదు. అది తప్పనిసరి అనే నమ్మకం ఉంది.

మామూలు కథలో ఆ మాటలు ముగిసిన క్షణం తుపాకి బయటికి రావాలి. ఇక్కడ రాదు. ఎందుకంటే ఇంట్లో చంపితే అది పనివాడు యజమానిని చంపిన కేసు అవుతుంది, పత్రికల్లో చిన్న వార్తగా పోతుంది. సభలో, మంత్రి పక్కన, సామ్రాజ్యం గురించి మాట్లాడుకుంటున్న జనం మధ్య చంపితే అదే తుపాకి ఇంకో మాట చెబుతుంది. పోలీసు కాగితంలో ఉన్న కక్ష, నిరసన అన్న రెండు మాటలను ఒక్క డైలాగు లేకుండా విడదీసిన చోటు ఇదే. కక్ష ఉన్నవాడు ఇంట్లోనే చంపేవాడు.

హతుడికి మాట ఇవ్వడం గురించి కూడా చెప్పాలి. చారిత్రక సినిమాల్లో తెల్లదొర అంటే మీసం మెలేస్తూ నవ్వే బొమ్మ. షాన్ స్కాట్ పోషించిన ఓడ్వయర్ నిదానంగా, మర్యాదగా మాట్లాడతాడు. నిజజీవితంలోనూ తన పేరు కాపాడుకోవడానికి కోర్టుకెక్కిన మనిషి అతను. తన పాలనను పుస్తకంలో విమర్శించిన శంకరన్ నాయర్ మీద పరువునష్టం దావా వేసి 1924లో లండన్‌లో గెలిచాడు. అంటే అతని దృష్టిలో కోర్టు కూడా అతని పక్షానే ఉంది. హతుడి నమ్మకాన్ని ఇంత గట్టిగా నిలబెట్టడం వల్లనే హంతకుడి చర్యకు బరువు వచ్చింది. బొమ్మను చంపితే ఎవరికీ ఏమీ కాదు.

తోపుడు బండి

కాల్పుల సమయంలో ఉధమ్ బాగ్‌లో ఉన్నాడో లేడో తేలని చోట రచయితలు ఏం చేశారు? ఉంచలేదు. కాల్పులు అతను లేకుండానే జరుగుతాయి. చీకటి పడ్డాక అతను అక్కడికి వస్తాడు. ఈ ఒక్క ఎత్తు చాలా సమస్యలను తీర్చింది. జనశ్రుతిని తుడిచేయలేదు, అబద్ధపు సాక్ష్యమూ చెప్పించలేదు. అన్నిటికీ మించి, అతని పాత్రకు పని దొరికింది. కాల్పులు జరుగుతున్నప్పుడు అక్కడున్నవాడు బాధితుడు, మహా అయితే సాక్షి. తర్వాత వచ్చినవాడు ఏదో ఒకటి చెయ్యాలి.

అతను చేసేది మోయడం. బతికినవాళ్లెవరైనా ఉన్నారా అని శవాల మధ్య కేకలు వేసుకుంటూ తిరుగుతాడు. ఊపిరి ఉన్నవాణ్ణి లేపి చెక్క బండి మీద పడుకోబెట్టి, ఊళ్లోకి తోసుకెళ్లి, దించి, మళ్లీ ఖాళీ బండితో వస్తాడు. మళ్లీ వెతుకుతాడు, మళ్లీ మోస్తాడు. కర్ఫ్యూ వల్ల ఆ రాత్రి గాయపడినవాళ్లను చాలామంది బంధువులు కూడా తీసుకెళ్లలేకపోయారన్న చరిత్రే ఈ సన్నివేశానికి పునాది.

కూర్పు అలవాట్ల ప్రకారం ఇలాంటిది రెండు సార్లు చూపిస్తాం. మూడోసారి సంగీతం పెంచి, ముఖాలు ఒకదాని మీద ఒకటి కరిగించి, తెల్లవారుజాముకు తీసుకెళతాం. నిడివి తగ్గుతుంది, భావం అందుతుంది, నిర్మాత ఊపిరి పీల్చుకుంటాడు. సర్కార్ ఆ అలవాటును పక్కన పెట్టాడు. బండి వెళ్లి వచ్చే ప్రతిసారీ మనిషి కొంచెం అరిగిపోతాడు. మొదట పరుగెత్తినవాడు నడుస్తాడు, నడిచినవాడు ఈడుస్తాడు. గొంతు పోతుంది. చేతులు ఎవరి రక్తంతో తడిశాయో తెలియదు. ఒక దశ దాటాక ప్రేక్షకుడు కూడా ఇక చాలు అనుకుంటాడు. అలా అనుకున్న క్షణంలోనే అతనికి తెలుస్తుంది, ఉధమ్‌కు ఆ మాట అనే అవకాశం లేదని.

ఈ భాగం అతిగా సాగిందనేవాళ్లు చాలామంది ఉన్నారు. హింసను వరుసగా పేర్చడం ప్రేక్షకుణ్ణి మొద్దుబారుస్తుందన్నది వాళ్ల వాదన. కాల్పుల దృశ్యాల వరకు నేను దాన్ని ఒప్పుకుంటాను. తూటా తగిలి పడే శరీరాలు కొన్ని చూశాక మిగతావి కొత్తగా ఏమీ చెప్పవు. అక్కడ కత్తెర పెట్టవచ్చు. బండి భాగంలో మాత్రం ఒక్క అడుగు తగ్గించినా నష్టమే. ఎందుకంటే 21 ఏళ్లను తెర మీద చూపించే దారి లేదు, ఈ ఒక్క రాత్రి సాగినంత సేపే ఆ కాలానికి కొలత. ఇంత మోసినవాడు దించలేదు అనిపిస్తే చాలు, మధ్యలో ఊళ్లు మారినా పేర్లు మారినా వేడి ఎలా నిలిచిందని ఎవరూ అడగరు.

సొంత గాయం తీసేసి చూస్తే

హంతకుడి కథలు నా దగ్గరికి వచ్చినప్పుడు ఒక పరీక్ష పెడతాను. పాత్రకు తగిలిన వ్యక్తిగత గాయాన్ని కథలోంచి తీసేయండి. అప్పుడు కూడా ఆ హత్యకు దారి మిగిలిందా?

పోల్చి చూడటానికి 1963లో మార్క్ రాబ్సన్ తీసిన ‘నైన్ అవర్స్ టు రామా’ ఉంది. గాంధీ హత్యకు ముందు కొన్ని గంటలు గాడ్సేతో నడిచే సినిమా. భారత్‌లో దాన్ని నిషేధించారు. నిర్మాణంలో అది సరిగ్గా తలకిందులు: హత్య వైపు గడియారం నడుస్తుంటే మధ్యమధ్య గతంలోకి వెళుతుంది. ఆ గతంలో ఒక వివాహితతో ప్రేమను కల్పించి పెట్టారు. గాడ్సే కోర్టులో గంటల తరబడి చదివినది రాజకీయ వాంగ్మూలం. సినిమా ఆ రాజకీయాన్ని విఫలమైన మనసు కథగా మార్చేసింది. గాయం తీసేస్తే ఆ సినిమాలో హత్యకు కారణం సన్నగిల్లిపోతుంది. సిద్ధాంతం చేసిన హత్యను ప్రేమ వైఫల్యం ఖాతాలో రాయడం హంతకుడి మీద జాలి పుట్టించడమే కాదు, ఆ సిద్ధాంతాన్ని బోనులోంచి తప్పించడం కూడా.

‘సర్దార్ ఉధమ్’ కూడా ఈ గోతి అంచు దాకా వెళ్లింది. రేష్మా అనే మూగ అమ్మాయి కల్పిత పాత్ర. ఆమెను వెతుక్కుంటూనే ఉధమ్ ఆ రాత్రి బాగ్‌కు వెళతాడు. ఆ పాత్ర నాకు నచ్చలేదు. మాట లేని అమ్మాయి, ముందే నిర్ణయమైన విషాదం, మనం ఎన్నో సినిమాల్లో చూసిన సరుకు. అయినా పరీక్షలో సినిమా తప్పలేదు. బండి మీద అతను ఎక్కించే వాళ్లెవరూ అతనికి ఏమీ కారు. వెతకడానికి వచ్చినది ఒక్కరి కోసమైనా, తెల్లవార్లూ మోసినది ముక్కూముఖం తెలియనివాళ్లను. రేష్మాను తీసేసి, పక్కింటి నుంచి ఎవరో వచ్చి చెబితే వెళ్లాడని రాసినా ఆ రాత్రి అలాగే నిలబడుతుంది. నేనైతే అలాగే రాయమనేవాణ్ణి.

భగత్ సింగ్ సన్నివేశాల సంగతి వేరు. ఉధమ్‌కు అతని మీద ఉన్న గౌరవం చరిత్రకెక్కిందే. సినిమాలో ఆ స్నేహం చేసే పని, రాత్రి బాగ్‌లో మోసిన బరువుకు ఒక దిశ ఇవ్వడం. అది లేకపోతే మిగిలేది ప్రతీకారం ఒక్కటే. కాకపోతే ఆ మాటల్లో కొన్ని 1920ల కుర్రాళ్లు మాట్లాడుకున్నట్టు ఉండవు, ఈ కాలం ప్రేక్షకుడికి సంజాయిషీ చెబుతున్నట్టు ఉంటాయి.

ఆస్కార్‌కు భారత్ తరఫున పంపే సినిమాను ఎంచుకునేటప్పుడు, ఇది బ్రిటిష్‌వాళ్ల మీద ద్వేషాన్ని చూపిస్తుందన్న అభిప్రాయం ఎంపిక సంఘం సభ్యుల్లో ఒకరి నుంచి వచ్చింది. ద్వేషమే ఇంధనం అయితే ఓడ్వయర్ ఇంట్లో ఆ తుపాకి పేలి ఉండేది కదా అన్నదే దానికి నా జవాబు. లోపం నాకు ఇంకో చోట కనిపిస్తుంది. 1940లో ఉధమ్ చర్యను గాంధీ పిచ్చిపనిగా ఖండించారు. నెహ్రూ కూడా అప్పట్లో సమర్థించలేదు. ఎవరి పేరు మీద అతను ఆ పని చేశాడో ఆ దేశమే ఆ రోజుల్లో అతన్ని పూర్తిగా తనవాడనలేదు. కోర్టులో అతను చివర మాట్లాడిన మాటలను ప్రచురించవద్దని న్యాయమూర్తి అట్కిన్సన్ పత్రికలను ఆదేశించాడు. 1996 దాకా అవి బయటికి రాలేదు. స్వదేశం ఖండన ఒకవైపు, పరదేశం నిశ్శబ్దం ఇంకోవైపు. ఈ ఇరుకుకు సినిమాలో దక్కిన చోటు చాలా తక్కువ.

దాన్ని ఎక్కడ పెట్టవచ్చో కూడా ఆలోచించాను. ఖండన వార్త అతనికి జైలులో, నిరాహారదీక్షలో ఉన్నప్పుడు అందాలి. బలవంతంగా తిండి ఎక్కించే సన్నివేశానికి ముందు. తన మనుషులే కాదన్నారని తెలిశాక కూడా దీక్ష విరమించని మనిషిని చూపించి, అక్కడి నుంచి 1919కి కట్ చెయ్యాలి. దీనికి మూడు నిమిషాలైనా కావాలి. మధ్యభాగంలో రెండోసారి వచ్చే విచారణ గదిని తీసేస్తే అవి దొరుకుతాయి.